సోమలింగం పాళీ

బతుకుతెరువుకు వలస వచ్చిన డిండోలిలో, మా గదిలో మంచాలు తక్కువ, మనుషులు ఎక్కువ. మగ్గాల మీద రాత్రి పాళీ నాది, పగటి పాళీ సోమలింగానిది. సాయంత్రం నేను లేస్తే అదే మంచం మీద వాడు పడుకునేవాడు. ఒకరి తలనూనె ఒకరికి అంటకుండా, నా కాళ్ళ వైపు వాడు తల పెట్టేవాడు. కరోనా రెండోసారి వచ్చినప్పుడు వాణ్ణి ఆస్పత్రికి తీసుకుపోయారు. ఆ రోజు వాడి వంతు నిద్ర కూడా నేనే పోయాను, హాయిగా. వాడు మళ్ళీ రాలేదు.

మగ్గాలు ఆగాయి. కామ్‌రేజ్ ఊరి అవతల ఒక పరిశోధన కేంద్రంలో ఊరికే పడుకుంటే చాలు, తిండి పెడతారంటే నేనూ, పక్క గది రఘుపతీ చేరాం. అంతరిక్షంలో నెలల తరబడి ఉండేవాళ్ళ గుండెను కాపాడే మందు కోసమట. తల కిందికి, కాళ్ళు పైకి వాల్చిన మంచాలు. తిండీ స్నానమూ పడుకునే. గుండెకు బద్ధకం పట్టి ఉంటుంది, మేం లేపకుండా మీరు లేస్తే నెత్తురంతా కాళ్ళలోకి దిగి గుండె ఆగిపోవచ్చు అని డాక్టరమ్మ హిందీలో హెచ్చరించింది. అక్కడ తెలుగు మా ఇద్దరికే వచ్చు.

ఒక సాయంత్రం, పాళీ మారే వేళ, ఫినాయిలు వాసనలోకి మగ్గం నూనె వాసన వచ్చి కలిసింది. తర్వాత... నా అరికాళ్ళ మీద వెచ్చటి ఊపిరి.

"లే, రాజనర్సు. నా పాళీ."

లేస్తే చస్తాను. లేవకపోతే... ఊపిరి మోకాళ్ళ దాకా పాకింది.

"ఇది కాదురా," అని గొణిగాను. "నీది ఆ పక్క మంచం."

ఆ మంచం మీది రఘుపతి మంచివాడు. అయినా నాకు జాలి వేయలేదు, నా ప్రాణం నాకు తీపి. నిద్రలో ఎవరు తట్టినా మంచం వదలడం మా అందరికీ అలవాటు.

"ఆఁ... లేస్తున్న," అన్నాడు రఘుపతి మత్తుగా.

పాదాలు నేలకు ఆనాయి. ఒక్క అడుగు. ధబ్బుమని పడ్డాడు. డాక్టర్లను పిలిచే గంట మీట నా చేతి కిందే ఉంది. పక్క మంచం కిర్రుమని, సోమలింగం సర్దుకుని పడుకునేదాకా ఆగి నొక్కాను.

రఘుపతి శవాన్ని పట్టుకుపోయారు. మర్నాడు సాయంత్రం, ముఖం కనబడకుండా తెల్ల కిట్టు తొడుక్కున్న మనిషి వచ్చాడు. డాక్టరమ్మ పంపిందనుకున్నాను. నా మెడ కింద చెయ్యి పెట్టి, నిదానంగా పైకి లేపుతూ, తెలుగులో అన్నాడు.

"నా మంచం వాడు గుంజుకున్నడన్నా. జర నీది ఇయ్యి."

కళ్ళు తిరిగాయి. గుండె తడబడింది... మీట కోసం తడిమాను. లేదు.

పక్క మంచం మీద దుప్పటి ఉబ్బెత్తుగా ఉంది, ఎవరో కాళ్ళ వైపు తల పెట్టుకుని పడుకున్నట్టు. అందులోంచి బయటికి వేలాడుతున్న చేతిలో నా గంట మీట ఉంది. వాడు ఇంకా నొక్కలేదు.