మూడో దెబ్బ

ఆ రోజు కూడా పిల్‌రే ఐదింటికే లేచింది. సోయా పులుసు వేడిచేసి, మిగిలిన అన్నం అందులో కలిపి, నిలబడే నాలుగు చెంచాలు మింగి చేపల షెడ్డుకి వెళ్లింది. మార్చి మొదటి వారం. చలికాలమంతా కొయ్యపందిళ్ల మీద వేలాడి, రాత్రి గడ్డకట్టి పగలు కరిగి, పసుప్పచ్చగా ఎండిన చేపల్ని దించే రోజులు. దించిన చేప మీద నీళ్లు చిలకరించి, మొద్దు మీద పెట్టి, దుడ్డుకర్రతో కొట్టి మెత్తబరచాలి. గట్టిగా కొడితే కండ పొడైపోతుంది, మెల్లగా కొడితే ముల్లు విడవదు. ఎడంచేత్తో తోక పట్టుకుని తిప్పుతూ, కుడిచేతి మణికట్టుతో లెక్కగా కొట్టాలి. ముప్పై ఒక్క ఏళ్లుగా ఆమె చేస్తున్న పని ఇదే.

ఎదురు మొద్దు దగ్గర గుమ్‌నే కూర్చుంది. ఆమెకి చేతికంటే నోరు వేగం.

“అక్కా, కూతురు వచ్చిందటగా నిన్న బస్సుకి?”

“వచ్చింది. మనవరాలు కూడా.”

“అల్లుడు రాలేదూ?”

“మగాడన్నాక పనులుండవూ?”

“ఏం పనులో. పోయినసారి నీ కూతురు కన్ను కమిలి వచ్చింది, ఈసారి ఏం కమిలిందో.”

“నీ నోట్లో గుడ్డ నువ్వే కుక్కుకుంటావా, నన్ను కుక్కమంటావా?”

గుమ్‌నే మూతి తిప్పుకుని చేప తిప్పింది. పిల్‌రేకి మాత్రం ఆ తర్వాత పది చేపల దాకా దెబ్బ సరిగా పడలేదు.

తొమ్మిదింటికి కూతురు యన్‌సూ కాఫీ పట్టుకుని వచ్చింది. కప్పు ఎడంచేత్తో పట్టుకుంది. కుడిచేతి వేళ్లు రెండు వాచి, ప్లాస్టర్ కింద నల్లబడి ఉన్నాయి.

“బాత్రూంలో జారిపడ్డానమ్మా.”

“మీ ఇంట్లో బాత్రూం నెలనెలా జారుతుందేం?”

యన్‌సూ కప్పు మొద్దు పక్కన పెట్టింది. తల్లి మళ్లీ అడగలేదు. అడిగే మొహం ఆమెకి లేదు. అంతకుముందు మూడుసార్లు యన్‌సూ ఇలాగే పుట్టింటికి వచ్చింది. మూడుసార్లూ మొగుడు సంగ్‌డో పియర్ పళ్ల పెట్టె పట్టుకుని వచ్చి, అత్తగారి ముందు మోకాళ్ల మీద కూర్చుని ఏడ్చాడు. మూడుసార్లూ పిల్‌రే స్వయంగా కూతుర్ని కారెక్కించి, సీటుబెల్టు పెట్టి, తలుపు వేసింది. చిన్నపిల్ల ఉంది, సర్దుకుపో అంది. ఆ తలుపు వేసిన చెయ్యి గుర్తొస్తే ఆమెకి ఒళ్లు మండిపోతుంది.

సాయంత్రం నాలుగింటికి సంగ్‌డో వచ్చాడు. ఈసారి పళ్ల పెట్టె లేదు. గుమ్‌నే అప్పటికి ఇంటికి వెళ్లిపోయింది. ఐదేళ్ల మనవరాలు సోల్ ఇంట్లో, కింద నుంచి వేడి పెట్టిన నేల మీద నిద్రపోతోంది. షెడ్డులో తల్లీకూతుళ్లిద్దరే ఉన్నారు.

“లేవవే. పద.”

“అల్లుడూ, కూర్చో ముందు. అన్నం పెడతాను, తిని మాట్లాడుకుందాం.”

“మీతో మాటల్లేవు అత్తయ్యా. మీ అమ్మాయికి ఇంటి దారి మరిచిపోయే జబ్బుంది, నేను నయం చేసుకుంటాను.”

యన్‌సూ వెనక్కి తగ్గింది. అతను ఆ వాచిన వేళ్లే పట్టుకున్నాడు. కావాలనే అవే పట్టుకుని మెలిపెట్టాడు. ఆమె అరుపుకి పందిట్లో కాకులు లేచాయి. పిల్‌రే అడ్డం వెళ్తే మోచేత్తో గుండెల మీద పొడిచాడు. అరవై మూడేళ్ల మనిషి చేపల కుప్ప మీద వెల్లకిలా పడింది. అతను పెళ్లాన్ని జుట్టు పట్టి గుమ్మం దాకా ఈడ్చి, అక్కడ విడిచిన చెప్పులు వేసుకోవడానికి వంగి, ఒక్క క్షణం చెయ్యి వదిలాడు.

ఆ క్షణంలో యన్‌సూ తల్లి దుడ్డుకర్ర అందుకుంది. విరిగిన వేళ్లున్న చెయ్యీ, మంచి చెయ్యీ రెండూ కలిపి తలపైకెత్తి కొట్టింది. మొదటిది భుజం మీద పడింది. ఎండుకట్టె విరిగిన చప్పుడైంది. అతను తిరగబోయాడు. రెండోది చెవి పైన పడింది. సంగ్‌డో తలుపుకి కొట్టుకుని, మొహం మీద పడి, కదలకుండా ఉండిపోయాడు. నెత్తురు చేప పొలుసుల్లోంచి పాకుతూ పోయింది.

యన్‌సూ కర్ర వదలడం లేదు. తల్లే వేలు వేలుగా విడదీసి లాక్కుంది.

“పిల్లని తీసుకుని నాలుగున్నర బస్సెక్కు. నువ్వు మధ్యాహ్నమే వెళ్లిపోయావు. అర్థమైందా?”

“అమ్మా, చచ్చిపోయాడా?”

“పో అన్నానా.”

ఆమె వెళ్లింది. బస్సు కొండ మలుపు తిరిగిన చప్పుడు వినిపించేదాకా పిల్‌రే అక్కడే కూర్చుంది. అప్పుడు వెనక సంగ్‌డో దగ్గాడు.

మెల్లగా మోచేతుల మీద లేచాడు. గోడకి చేరగిలబడ్డాడు. ఒక కన్ను నెత్తురుతో మూసుకుపోయింది. “అత్తయ్యా, నీళ్లు,” అన్నాడు. పిల్‌రే కెటిల్‌లోంచి బార్లీ నీళ్లు గిన్నెలో పోసి ఇచ్చింది. ఫోన్ చేతిలోకి తీసుకుంది, అంబులెన్సుకి చెయ్యాలనే తీసుకుంది. అతను గిన్నె ఖాళీ చేసి, మూతి తుడుచుకుని, మామూలు గొంతుతో అడిగాడు.

“యన్‌సూ ఎటు పోయింది?”

కోపం లేదు ఆ గొంతులో. తప్పిపోయిన మేకని అడిగినట్టు అడిగాడు. గిన్నె కింద పెట్టడానికి ముందుకి వంగాడు. పిల్‌రే ఫోన్ పక్కన పెట్టి, కుడిచేత్తో కర్ర తీసుకుని, మెడ మీద ఒక్కటి వేసింది. రోజూ చేపని కొట్టినట్టే, ఎంత బలం కావాలో అంతే. రెండోసారి కొట్టే అవసరం రాలేదు.

తర్వాత చేతులు కడుక్కుని పోలీసు స్టేషన్‌కి తనే ఫోన్ చేసింది. మూడు దెబ్బలూ నావే అంది. మర్నాడు స్టేషన్‌నుంచే కూతురితో ఫోన్లో ఒక్క నిమిషం మాట్లాడనిచ్చారు.

“అమ్మా, నిజం చెప్పు. నా దెబ్బకేనా?” అవతల గుసగుసగా అడిగింది యన్‌సూ.

“అడక్కు. పిల్లని చూసుకో. నువ్విటు రాకు,” అని పెట్టేసింది.

పదకొండో రోజు పొద్దున నేరం ఎలా జరిగిందో జరిగిన చోటే చేసి చూపించమని పిల్‌రేని తీసుకొచ్చారు. తలకి టోపీ, మొహానికి మాస్కు, నడుముకి తాడు. షెడ్డు చుట్టూ పసుపు టేపు కట్టారు. టేపు అవతల ఊరు ఊరంతా వచ్చి నిలబడింది. గుమ్మం దగ్గర సంగ్‌డోకి బదులుగా, ట్రాక్‌సూట్ తొడిగిన మనిషంత బొమ్మని వంచి నిలబెట్టారు. దుడ్డుకర్రలాంటిదే ఇంకోటి తెచ్చి ఆమె చేతికిచ్చి, సంకెళ్లు విప్పాడు డిటెక్టివ్ బ్యన్. అతని తల్లి ఇరవై ఏళ్లు ఈ షెడ్డులోనే చేపలు కొట్టింది. స్కూలు నుంచి వచ్చి పిల్‌రే చేత్తో అన్నం తిన్నవాడే. అందుకే ఆమె మొహంలోకి చూడకుండా కాగితాల్లోకి చూస్తూ మాట్లాడుతున్నాడు.

“మొదటి దెబ్బ ఎక్కడ వేశారు పిన్నీ?”

“భుజం మీద.”

“చూపించండి.”

ఆమె కుడిచెయ్యి ఎత్తి, మణికట్టు విసిరి కొట్టింది. టప్పుమంది. టేపు అవతల గుమ్‌నే పక్కామెతో అంది. “చేపని కొడుతోందే.” ఎవరూ నవ్వలేదు. ఆ జనంలో ఆడవాళ్లందరికీ ఆ దెబ్బ తెలుసు.

బ్యన్ కాగితం మడిచాడు.

“భుజం ఎముక రెండు ముక్కలైంది. మీరు కొట్టిన దానికి చొక్కా కూడా నలగదు.”

“అప్పుడు కోపంలో ఉన్నాను. ఇప్పుడు కోపం లేదు.”

“అయితే కోపం తెచ్చుకోండి. డాక్టర్లు ఏం రాశారో చెప్పనా? మొదటి రెండూ రెండు చేతులతో, తలపైనుంచి ఎత్తి కొట్టినవి. ఎక్కడ పడుతుందో చూసుకోకుండా కొట్టినవి. మూడోది ఒంటిచేత్తో, చూసుకుని కొట్టింది. రెండు చేతులతో కొట్టి చూపించండి పిన్నీ.”

పిల్‌రే ఎడంచెయ్యి కూడా కర్ర మీద వేసింది. ఆ చేతికి తోక పట్టుకోవడం తప్ప ఇంకో పని తెలీదు. ఎత్తింది. కర్ర పక్కకి పోయి తలుపుకి తగిలింది, ఆమె తూలింది. మళ్లీ ఎత్తింది. ఈసారి బొమ్మకి తగిలింది గానీ, ఎడంచెయ్యి దానంతటదే జారిపోయింది. మూడోసారికి ఆయాసం వచ్చేసింది. చెమట మాస్కులోకి కారింది. కూతురి బతుకంతా ఈ రెండు దెబ్బల మీద ఉంది. ఆ రెండూ ఆమె చేతికి రావడం లేదు.

“మొదటి రెండూ ఎవరివి పిన్నీ?”

“నావే. రాసుకో.”

“నావి.”

జనం పక్కకి తప్పుకున్నారు. యన్‌సూ టేపు కింద నుంచి దూరి వచ్చింది. పదకొండు రోజుల్లో సగమైపోయింది. కానిస్టేబుల్ పట్టుకునేలోపే తల్లి చేతిలోంచి కర్ర లాక్కుంది. రెండు చేతులతో తలపైకెత్తి బొమ్మ భుజం మీద వేసింది. తర్వాత చెవి మీద. అక్కడితో ఆపలేదు. బొమ్మ కింద పడ్డా ఆపలేదు. మెడ ఊడి దూది బయటికొచ్చింది. వేళ్ల కట్టు ఊడిపోయి నెత్తురు కారుతున్నా కొడుతూనే ఉంది. ముగ్గురు కలిసి వెనక్కి లాగాల్సొచ్చింది.

“నేను చంపాను. మా అమ్మ కాదు. నేనే చంపాను. నన్ను తీసుకెళ్లండి.”

బ్యన్ పిల్‌రే వైపు చూశాడు. ఏమంటారు అన్నట్టు.

పిల్‌రే మాస్కు కిందికి లాగింది. మాట్లాడకపోతే కూతురు హంతకురాలు. మాట్లాడితే, తల్లి ఎలాంటి మనిషో కూతురికి తెలిసిపోతుంది. ఇన్నాళ్లూ రెండోదానికే భయపడ్డానని ఆ గుమ్మంలో నిలబడ్డాక గానీ ఆమెకి తెలియలేదు.

“ఇది చంపలేదు,” అంది. “ఇది బస్సెక్కి వెళ్లేటప్పటికి వాడు బతికే ఉన్నాడు. లేచి కూర్చున్నాడు. నీళ్లడిగాడు, ఇచ్చాను. తాగి, నా కూతురు ఎటు పోయిందని అడిగాడు. అప్పుడు కొట్టాను. బతికించడానికి ఫోన్ చేతిలో ఉంది. పక్కన పెట్టి కొట్టాను.”

గుమ్‌నే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. యన్‌సూ పెనుగులాట మానేసింది.

“బతికే ఉన్నాడా?”

“ఉన్నాడు.”

“నీకు తెలుసు. ఫోన్లో అడిగాను కదమ్మా, నా దెబ్బకేనా అని. అడక్కు అన్నావు.” ఆమె గొంతు పెరగలేదు. పెరిగితే పిల్‌రేకి నయంగా ఉండేది. “ఈ పదకొండు రోజులూ సోల్‌కి నా చేత్తో అన్నం పెట్టలేదు. మనిషిని చంపిన చెయ్యి కదా అని పక్కింటావిడతో పెట్టించాను. అది నా దగ్గర పడుకుంటానని ఏడిస్తే గది బయట కూర్చున్నాను. ఎందుకు చెప్పలేదు?”

పిల్‌రే మొద్దు మీద కూర్చుండిపోయింది. నా కూతురి కోసం జైలుకి పోతున్నానని సెల్లులో రోజూ రాత్రి గుండె నింపుకుని పడుకుంది. అదే సమయంలో ఆ కూతురు గది బయట కూర్చుని ఉంది.

“నీ కోసం జైలుకెళ్లిన అమ్మగా గుర్తుంచుకుంటావనుకున్నాను,” అంది తలెత్తకుండా. “నీళ్లు తాగి వంగినవాణ్ని కొట్టిన మనిషిగా కాదు. నన్ను చూసి భయపడతావని దాచాను తల్లీ. నీ కోసం కాదు. నా కోసమే దాచాను. మూడుసార్లు నిన్ను వాడి కారెక్కించింది నేనే. ఆ మొహంతో ఇది కూడా ఎలా చెప్పను?”

మొదటిసారి ఏడ్చింది. టోపీ కింద పడిపోయింది, తీసుకోలేదు.

బ్యన్ కాగితాలు కానిస్టేబుల్ చేతికిచ్చాడు. తర్వాత బొమ్మని లేపి గోడకి కూర్చోబెట్టమన్నాడు. చెదిరిన దూది లోపలికి కుక్కి, తల సరిచేశారు. ముందుకి వంచారు.

“మూడోది చూపించాలి పిన్నీ. తప్పదు.”

“దాన్ని పంపించెయ్ నాయనా. నీకు దణ్ణం పెడతాను. దాని ముందు వద్దు.”

“నేను వెళ్లను,” అంది యన్‌సూ.

“అటు తిరుగు, పోనీ.”

“తిరగను. చెయ్యమ్మా. చూస్తాను.”

పిల్‌రే లేచింది. కర్ర కుడిచేతిలోకి తీసుకుంది. ఎత్తింది. ఒక్కటి వేసింది. కొట్టిన తర్వాత తలెత్తడానికి ఆమెకి ధైర్యం చాలలేదు. కర్ర కింద పెట్టి, సంకెళ్ల కోసం రెండు చేతులూ ముందుకి చాపి, అప్పుడు మెల్లగా కూతురి వైపు చూసింది.

యన్‌సూ చెంపల మీద నీళ్లు కారుతున్నాయి. కళ్లు మాత్రం తిప్పుకోలేదు. బ్యన్ సంకెళ్లు తీసేలోపే వచ్చి, చాపిన ఆ రెండు చేతుల్నీ తన చేతుల్లోకి తీసుకుంది.