తాడు పట్టిన వదిన

లోయ అంచున చేతికందే తేనెపట్టు కోసిన చోట, రాతి మీద ఎర్రమట్టితో గీసిన త్రిశూలం బయటపడింది. దాని పక్కనే గుహ నోరు, కింద మూడు నీటి గీతలు గీసి ఉన్నాయి. ఈదమ్మకు గూడెంలో చెప్పుకునే కథ గుర్తొచ్చింది. మహిషుణ్ణి చంపిన అమ్మవారు, వేడెక్కిన బంగారు త్రిశూలాన్ని చల్లార్చుకోవడానికి గుచ్చిన గుహ ఈ లోయలోనే ఉందన్నమాట. దాన్ని తెచ్చి ఎండిన వాగులో నాటితే నీళ్ళు పుడతాయి, గూడెం వలస పోనక్కర్లేదు అనుకుంది.

గుహలోకి లోయ అంచు నుంచి తాడు మీద దిగాల్సిందే. ఆ గూడెంలో తేనె కోసం కొండ దిగేది ఆడవాళ్ళు. పైన తాడు పట్టేది మొగుడి తోబుట్టువు. తమ్ముడి కాపురం చేజేతులా చెడగొట్టుకోదు కదా అని ఆ కట్టుబాటు. చిక్కల్లా ఏమిటంటే, మొగుడి అక్క బయ్యమ్మ ఏడాదిగా ఈదమ్మతో మాట్లాడటం లేదు. పంపకంలో తనకు మడ్డి పట్టిన అడుగు తేనె పోసిందని కోపం. అయినా కబురు పంపగానే వచ్చి, మూతి ముడుచుకునే తాడు నడుముకు చుట్టుకుంది.

ఒకసారి గుంజితే వదలాలి, రెండుసార్లు గుంజితే లాగాలి. ఈదమ్మ జరజరా దిగింది. కాలి కింద రాయి ఊడింది. ఊగి, గబ్బిలాల గుంపును చీల్చుకుంటూ గుహలో పడింది. ఎదురుగా నిలువెత్తు త్రిశూలం ఎండపొడకు వెలుగుతోంది. దండం పెట్టుకుని, రెండు చేతులా పట్టి పెకలించింది.

ఆ కన్నంలోంచి నీళ్ళు ఎగదన్నాయి. ఇలాంటి కరువు కోసమే అమ్మవారు ఊటకు ఆ త్రిశూలాన్నే బిరడాగా వేసి ఉంచినట్టుంది. చూస్తుండగానే నీళ్ళు నడుముదాకా వచ్చి ఈదమ్మను గుహ నోటికి తోసేశాయి. ఆమె త్రిశూలాన్ని చంకన ఇరికించుకుని రెండుసార్లు గుంజింది. పైన బయ్యమ్మ బలమంతా పెట్టి లాగినా ఆ బరువుకు తాడు రాలేదు. పైగా ఆమే అంచుకు జారసాగింది.

"వదిలెయ్యే దాన్ని!" ఏడాది తర్వాత బయ్యమ్మ నోట మొదటి మాట అది.

"అమ్మవారిది వదినా, బంగారం."

"అమ్మవారిదైతే ఆమెకే ఇచ్చెయ్. మా తమ్ముడికి నువ్వు కావాల. నాకూ కావాల."

ఈదమ్మ చెయ్యి వదిలింది. త్రిశూలం నీళ్ళలో మునిగిపోయింది, తాడు తేలికైంది. అంచు మీద ఇద్దరూ ఒకరి మీద ఒకరు పడి, ఆయాసపడుతూనే నవ్వుకున్నారు. కింద నీళ్ళు గూడెం వాగు దారి పట్టాయి.

వాగు ఒడ్డున ఈదమ్మ సొరబుర్రతో తొలి నీళ్ళు ముంచి వదినకే అందించింది. బయ్యమ్మ లోపలికి అనుమానంగా తొంగి చూసింది.

"అడుగు నీళ్ళు కాదుగా?" అంది.

"పైవే వదినా."

బయ్యమ్మ సగం తాగి, మిగతా సగం ఆమెకిచ్చింది.