మేత ఆపిన షెడ్డు

కాంతమ్మ పెనం మీద దోసె తిప్పుతుండగా భర్త బ్రహ్మానందం ఫోను పట్టుకుని వంటింట్లోకి వచ్చాడు. రాజుపాలెం పక్కనున్న వాళ్ళ గుడ్ల కోళ్ళ షెడ్డే ఆ ఫోన్లో కనిపిస్తోంది. ఆ వీడియో తీసి నెట్లో పెట్టింది కూతురు రుచిత. రోజూ నరసరావుపేట వెళ్ళి డిగ్రీ చదువుతూ, కోళ్ళను హింసించొద్దని స్నేహితులతో కలిసి బజార్లో నినాదాల అట్టలు పట్టుకుని నిలబడుతోందని వాళ్ళకు తెలుసు. సొంత షెడ్డునే లోకానికి చూపిస్తుందని మాత్రం అనుకోలేదు.

గుడ్లు తగ్గిన కోళ్ళకు కొన్నాళ్ళు మేత ఆపేస్తారు. ఈకలు రాలి, చిక్కి, బతికి బయటపడినవి మళ్ళీ గుడ్లకొస్తాయి. బ్రహ్మానందం చేస్తున్నది అదే.

"ఊరు ఊరంతా చూశారు. ఏందే నీ బాధ?" అన్నాడు దోసె కోసం కూర్చున్న కూతురితో.

"ఆకలికి ఒకదాన్నొకటి పొడుచుకుంటన్నాయి నాన్నా. మేత పెట్టు, ఇప్పుడే తీసేస్తా."

"కోళ్ళ ఆకలి నీకు చానా బాగా తెలుసన్నమాట. సరే, పూర్తిగా తెలుసుకో." భార్య వైపు తిరిగాడు. "ఏమే, వీడియో తీసేసిందాకా దీనికి మెతుకు పెట్టొద్దు. పెట్టావో, నువ్వు గూడా దాంతోపాటే బయటికి."

సాయంత్రానికి దిగొస్తుందిలే అనుకుంది కాంతమ్మ. వంటింటికి తాళం వేసి, తాళంచెవి కొంగున ముడేసుకుంది. రాత్రి కూతురి ఎదురుగానే భర్తకు గోంగూర పచ్చడి, నెయ్యి వడ్డించింది. రుచిత గోడవైపు తిరిగి పడుకుంది.

"తీసెయ్యవే. కోళ్ళ కోసం నువ్వెందుకు మాడటం?" అంది కాంతమ్మ.

మర్నాడు మధ్యాహ్నం భర్తకు టీ ఇవ్వడానికి షెడ్డుకు వెళ్ళింది. ఆమె అడుగుల చప్పుడుకు వరసలు వరసలుగా కోళ్ళన్నీ తీగల మధ్య నుంచి మెడలు చాచాయి. మేత వచ్చిందనుకున్నాయి. ఈకల్లేని మెడలు, వాటి మీద నెత్తుటి చారలు. ఒకటి ఖాళీ తొట్టిని పొడుస్తూనే ఉంది. బ్రహ్మానందం చచ్చినవాటిని కాళ్ళు పట్టి లాగి బక్కెట్లో వేస్తున్నాడు.

"నీరసంగా ఉండేవి పోతాయి. పోనీ" అన్నాడు టీ తాగుతూ.

ఇంటికొచ్చి తలుపు తోసింది. ఆ చప్పుడుకు చాప మీద నుంచి రుచిత తల ఎత్తింది. ఎండిన పెదాలు, ఆశగా చాచిన మెడ. కాంతమ్మ కొంగుముడి విప్పి వంటింటి తాళం తీసింది. అన్నం కలిపి ముద్ద నోటి దగ్గర పెడితే, రుచిత నోరు మూసుకుంది.

"వాటికి పెట్టారా?"

కాంతమ్మ కంచం అక్కడే వదిలేసి షెడ్డుకు పరుగెత్తింది. దాణా బస్తా విప్పి చాటతో తొట్లలో పోయసాగింది. బ్రహ్మానందం వచ్చి చెంప మీద కొట్టాడు. పడింది. లేచి మళ్ళీ చాట నింపింది.

"కొట్టయ్యా. కన్నబిడ్డని ఆ కోళ్ళల్లో కలిపాం మనం. పోయి చూడు దాని మొహం."

అతను బస్తా లాక్కోబోయి ఆగాడు. కోళ్ళు ఆత్రంగా తింటున్నాయి. కొన్నిటికి తొట్టిదాకా తల ఎత్తే శక్తి కూడా లేదు. అతను సాయం చెయ్యలేదు, అడ్డమూ రాలేదు.

ఇంటికొచ్చి, కోళ్ళకు మేత వేశానని చెప్పి మళ్ళీ ముద్ద కలిపి పెట్టినప్పుడు రుచిత ఏడుస్తూ తింది. తింటూ తింటూ ఆగింది.

"నాన్న పెట్టొద్దన్నాడు, సరే. నువ్వెందుకు పెట్టలేదమ్మా?"

ముద్ద పట్టుకున్న కాంతమ్మ చెయ్యి గాల్లోనే ఉండిపోయింది. రుచితే ఆ చెయ్యి పట్టుకుని తన నోటి దగ్గరికి లాక్కుంది. అప్పుడు ఏడ్చింది కాంతమ్మ, నోట్లో కొంగు కుక్కుకుని.