పదింట్ల రెండు

నాలుగో బాణం కూడా గడ్డిమోపు పక్కనుంచి దూసుకుపోయి మక్కజొన్న చేలో పడింది. ఆకులు గలగలమన్నాయి. అంతే.

అహల్య విల్లు కింద పెట్టి, బాణాలు వెతుక్కోవడానికి చేలోకి వెళ్లింది.

పదేళ్ల అహల్యది జనగామ. అది 1969వ సంవత్సరం. ప్రత్యేక తెలంగాణ కావాలని పెద్ద ఉద్యమం నడుస్తోంది. బడులు మూసేశారు. వాళ్ల నాయిన రోజూ ఊరేగింపులకు పోతున్నాడు. "నెల రోజులే బిడ్డా" అని ఆమెను మొగుళ్లపల్లిలో అమ్మమ్మ ఓదెమ్మ దగ్గర దించి వెళ్లాడు. ఎండాకాలం పోయి వానకాలం వచ్చింది. నాయిన మాత్రం రాలేదు. రెండు కార్డులు వచ్చాయి.

ఓదెమ్మ తెల్లవారగానే పొలానికి పోయి, పొద్దుగూకాక వచ్చేది. ఊరి పిల్లల్లో కొందరు కలుపు తీయడానికి, కొందరు మేకల వెంట వెళ్లేవారు. రోజంతా అహల్యతో మాట్లాడేవాళ్లే లేరు. ఒక్కోసారి తన గొంతు తను వినడానికే పాఠాలు పైకి చదివేది.

అమ్మమ్మ మక్కచేనుకు కొమురెల్లి తాత కావలి. అడవి పందులొస్తే కొట్టడానికి ఆయన దగ్గర విల్లు ఉండేది. అహల్య దాన్ని రోజూ చూస్తుండడం గమనించి, ఆమెకూ వెదురుతో చిన్న విల్లు, పది బాణాలు చేసిచ్చాడు.

"ఇడిసిపెట్టంగనే చెయ్యి కిందికి దించుతున్నవ్ బిడ్డా" అన్నాడు మంచె మీది నుంచి. "అందుకే బాణం పక్కకు పోతున్నది."

"ఎటు పోయిందో సూడాలె గద తాతా!"

"సూడకు. సప్పుడు ఇను. అది ఇనవడేదాక చెయ్యి అట్లనే ఉంచు."

అహల్య తలూపింది. కానీ బాణం వదలగానే మెడ సాగదీసి చూసింది. చేయి దానంతటదే కిందికి వాలిపోయింది.

ఆ మధ్యాహ్నం లచ్చి అనే పిల్ల మేకలను తోలుకుపోతూ కంచె దగ్గర ఆగింది. అహల్య ఈడుదే. ఇన్నాళ్లలో ఆమె దగ్గర ఆగిన మొదటి పిల్ల.

"ఎన్ని తాకినయ్?" అని అడిగింది లచ్చి.

నిజం చెబితే వెళ్లిపోతుందేమోనని అహల్యకు భయం వేసింది.

"పదింట్ల ఎనిమిది."

"ఎంత దూరంకెల్లి?"

"ఇరవై అడుగులు."

లచ్చి కళ్లు పెద్దవయ్యాయి. "రేపు మా తమ్మున్ని తోల్కొస్త. సూపిస్తవా?"

"ఓ, సూపిస్త!"

మరునాడు అహల్య అందరికన్నా ముందే చేనుకు వచ్చింది. కొమురెల్లి తాత చేనుకు అవతలి కొసన ఉన్నాడు. ఆమె గడ్డిమోపు దగ్గరికి పోయి ఎనిమిది బాణాలు చేత్తోనే గుచ్చింది.

కాసేపటికి లచ్చి, ఆమె తమ్ముడు హీర్యా వచ్చారు.

"అబ్బ! గిన్ని తాకినయా?" అంది లచ్చి.

"మా ముందర ఒక్కటి గొట్టు" అన్నాడు హీర్యా.

అహల్య మిగిలిన రెండు బాణాలు తీసుకుంది. మొదటిది మోపు మీదుగా పోయింది. రెండోది ఆమె ముందే నాలుగడుగుల దూరంలో బురదలో పడింది.

హీర్యా మోపులోంచి ఒక బాణం లాగాడు. ఆ చిన్న విల్లుతో కొడితే దిగనంత లోతుకు, జానెడు లోపలికి దిగి ఉంది. "అక్కా, గివి కొట్టినయ్ గావు. గుచ్చినయ్!" అని పకపకా నవ్వాడు.

లచ్చి నవ్వలేదు.

"తాకకున్నా నేను వస్తుంటి గద" అంది. "అబద్ధమెందుకు జెప్పినవ్?"

లచ్చి తమ్ముడి చేయి పట్టుకుని వెళ్లిపోయింది. ఆ మరునాటి నుంచి ఆమె మేకలు వాగు అవతలి దారిన పోయాయి.

అహల్య రెండు రోజులు విల్లు ముట్టలేదు. మూడో రోజు కొమురెల్లి తాత ఆమెను గడ్డిమోపుకు మూడడుగుల దూరంలో నిలబెట్టాడు.

"కండ్లు మూస్కో" అన్నాడు. "తాకుతదా తాకదా అన్న పరేషాన్ వద్దు. దారాన్ని పెదవి కొసదాక గుంజు. రోజూ గాడికే గుంజాలె. మెల్లగ వేళ్లు ఇడువు. ఇంక నీ చెయ్యి ఏం జేస్తున్నదో నువ్వే సూస్కో."

కళ్లు మూసుకుంటే చేయి సంగతి బాగా తెలిసింది. వదలగానే అది తొందరపడుతోంది. మళ్లీ లాగింది. మళ్లీ వదిలింది. భుజాలు నొప్పి పెట్టాయి. వేళ్లు ఎర్రగా కమిలాయి. చూసి మెచ్చుకోవడానికి ఎవరూ లేరు. తాత కూడా మంచె ఎక్కి అటు తిరిగి కూర్చున్నాడు.

అలా నాలుగు రోజులు గడిచాక ఆమె ఇరవై అడుగులు వెనక్కి నడిచింది. చేయి దించకుండా పది బాణాలు వేసింది. ఆకుల చప్పుడు ఎనిమిదిసార్లు వినిపించింది. రెండుసార్లు మాత్రం 'థప్'మంది.

రెండు! అహల్య గిర్రున వెనక్కి తిరిగింది. ఎవరికి చెప్పాలి? తాత చేను అవతలి కొసకు పోయాడు. ఖాళీ దారి, కంచె. అంతే.

తర్వాత విల్లు భుజానికి తగిలించుకుని వాగు దాటింది. లచ్చి రాయి మీద కూర్చుని ఉంది. ఆమెను చూసి తల తిప్పుకుంది.

"పదింట్ల రెండే తాకినయ్" అంది అహల్య. "ఆనాడు ఎనిమిది నేనే చేత్తోని గుచ్చిన. ఒక్కటి గుడ తాకలే. నిజం జెప్తే నువ్వు పోతవనుకున్న."

లచ్చి ఒక మేకపిల్లను దగ్గరికి తీసుకుని దాని చెవులు నిమురుతూ ఉండిపోయింది. అహల్య కాసేపు చూసి, ఒంటరిగా వెనక్కి వచ్చేసింది.

మరునాడు మబ్బు పట్టింది. అహల్య పక్కకు తిరిగి నిలబడి దారం లాగింది. పెదవి కొసదాకా వచ్చింది. అప్పుడే వెనక కంచె దగ్గర మేకలు అరిచాయి. ఎవరో వచ్చి నిలబడ్డారు.

ఆమె తిరిగి చూడలేదు. మెల్లగా వేళ్లు వదిలింది. చేయి దించలేదు.

చేలో ఆకులు గలగలమన్నాయి.

అప్పుడు చేయి దించి, వెనక్కి తిరిగి, తనే గట్టిగా చెప్పింది.

"తాకలే, లచ్చీ!"

లచ్చి కంచె దాటి లోపలికి వచ్చింది. "గా పెద్ద మక్క చెట్టు కాడ పడ్డది. నేను సూసిన" అంటూ బాణం వెతకడానికి చేలోకి నడిచింది.