అంజి పంపిన నిశ్శబ్దం

పరిచయమైన రోజే మల్లీశ్వరి అంజి కష్టాన్ని ఒక్క క్లిక్‌తో చెత్తబుట్టలో వేసింది.

గల్ఫ్‌లో, హమ్రియా బజారులో సూట్‌కేసుల షాపు పైనున్న ఎడిటింగ్ రూమ్‌లో ఆమె డ్యూటీ. కడప పిల్ల, పెళ్లి వీడియోలు కోసి కోసి చెయ్యి తిరిగింది. జైనబీ మేడమ్ తీస్తున్న డాక్యుమెంటరీ కూడా ఆమె చేతికే వచ్చింది. కొత్త సౌండ్ రికార్డిస్టు అంజి ఇచ్చిన ఫైళ్లు సర్దుతూ, ఎవరూ మాట్లాడని ఒకదాన్ని పొరపాటున రికార్డయిందనుకుని తీసేసింది. పనిలో పనిగా రికార్డర్ మెమరీ కార్డు కూడా తుడిచేసింది.

అరగంటలో అతను గుమ్మంలో ప్రత్యక్షమయ్యాడు.

"మేడమ్, ఒక ఫైల్ తక్కువున్నది. ఏడవెట్టినవ్?"

"అదా? దాంట్లో ఏమీ లేదబ్బా. తీసేసినా."

"గా ఏమీ లేనిదే రికార్డ్ చేసిన."

ఎగతాళి చేస్తున్నాడనుకుంది. అతను పళ్లు నూరుకుంటూనే వివరించాడు. షూటింగ్ అయ్యాక అందర్నీ కాసేపు మాట్లాడొద్దని చెప్పి ఆ చోటి నిశ్శబ్దాన్ని పట్టుకుంటారు. దానిపేరు రూమ్ టోన్. మాటలు కోసిన చోట దాన్ని పరిస్తే అతుకు తెలియదు. ఒక గది నిశ్శబ్దం ఇంకో గదికి పనికిరాదు.

ఆ ఫైలు బహ్లాలో, యెమెన్ యుద్ధం నుంచి వచ్చి బంధువుల పంచన ఉంటున్న ఒక కుటుంబం ఇంట్లో చేసింది. అంజి మర్నాడు బస్సెక్కి మళ్లీ బహ్లా వెళ్లాడు. తిరిగొచ్చి కార్డుతోపాటు ఒక ఖర్జూరాల పొట్లం కూడా బల్లమీద పెట్టి, ఒక్క మాట అనకుండా వెళ్లిపోయాడు. తిట్టి ఉంటే మల్లీశ్వరికి ఏ బాధా ఉండేది కాదు.

అంజిది జగిత్యాల వైపు ఊరు. కన్‌స్ట్రక్షన్ సైట్‌లో పనికని వచ్చి, శుక్రవారం సెలవుల్లో మైకులు మోస్తూ ఈ విద్య నేర్చుకున్నాడు. ఆమె "అబ్బా" అంటే అతను వెక్కిరించేవాడు, అతను "గా" అంటే ఆమె. ఆ వెక్కిరింతలు లేని రోజు ఇద్దరికీ అన్నం సహించేది కాదు. అయినా ఇద్దరూ పైకి చెప్పే రకం కాదు.

అసలు షూటింగ్ సరిహద్దుకు అవతల, యెమెన్‌లో. యుద్ధంలో ఎవరు గెలుస్తున్నారో జైనబీ మేడమ్‌కు అక్కర్లేదు. షెల్స్ పడే ఊళ్లో జనం రొట్టె ఎలా కొంటారు, పిల్లలకు జడలెవరు వేస్తారు, అదీ ఆమె సినిమా. బయల్దేరేముందు అంజి ఎడిటింగ్ రూమ్‌కు వచ్చి, చెప్పాల్సింది మింగేసి, "ఫైళ్లు పైలం" అని జాగ్రత్త చెప్పాడు. మల్లీశ్వరి కూడా మింగేసి తలూపింది. ఇంత తెలివితక్కువ వీడ్కోలు ఇంకెక్కడా ఉండదు.

రోజూ ఫైళ్లు వచ్చేవి. ప్రతి రూమ్ టోన్ మొదట్లో అంజి చోటు పేరు చెప్పేవాడు, చివర్లో "అయిపాయె" అనేవాడు. బడి, నీళ్ల క్యూ, ఎవరిదో వంటిల్లు. మల్లీశ్వరి వాటిని చివరకు దాచుకుని, చాయ్ పెట్టుకుని మరీ వినేది. పనికోసమే అని తనకు తాను చెప్పుకునేది.

ఒకరోజు సరిహద్దుకు ఇవతలి సలాలా నుంచి జైనబీ మేడమ్ ఫోన్ చేసింది. మాట సరిగా రావడంలేదు. షూటింగ్ చేస్తున్న బేకరీ మీద షెల్ పడిందట. అంజి రికార్డర్ బ్యాగ్ ఆమె చేతిలో పెట్టి, ఆమెను వ్యాన్ ఎక్కించి, లోపలే ఉండిపోయిన బేకరీవాళ్ల ముసలమ్మ కోసం వెనక్కి పరుగెత్తాడట. అంతలో ఇంకో షెల్. సైనికులు రోడ్డు మూసేసి వ్యాన్‌ను వెళ్లగొట్టారు. అక్కడ ఫోన్లు కూడా పనిచేయడంలేదు.

"చివరి ఫైల్ పంపాను. వినకు" అంది మేడమ్.

మల్లీశ్వరి వింది. "బేకరీ, రూమ్ టోన్." పొయ్యి హోరు, ఎవరిదో చిన్న దగ్గు. తర్వాత చెవులు బద్దలయ్యే చప్పుడు, అరుపులు, పరుగులు. ఆపైన మైకుకు మరీ దగ్గరగా, రొప్పుతూ అంజి గొంతు. "మల్లీ, గీ ఫైల్ మాత్రం తీసెయ్యకు." వ్యాన్ తలుపు పడింది. రెండో చప్పుడు. ఫైలు అక్కడితో ఆగింది.

"అయిపాయె" లేదు. ఎన్నిసార్లు విన్నా లేదు.

శుక్రవారం ఆమె తల్లి రాజేశ్వరి వచ్చింది. అల్ సువైక్‌లో ఒక అరబ్బీ ఇంట్లో పని ఆమెకు, సెలవు దొరికితే కూతురికి కూర వండి తెస్తుంది. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని గోడవైపు చూస్తున్న కూతుర్ని చూసి డబ్బా కింద పెట్టింది.

"ఎవురే వాడు?"

మల్లీశ్వరి దాచలేదు. "వాడు నాకు కావాలమ్మా. ఉన్నాడో లేడో కూడా తెలీదు."

రాజేశ్వరి డబ్బా మూత తీసి కంచంలో అన్నం, కూర పెట్టింది. "ముందు రానీ" అంది. "ఊరూ పేరూ తర్వాత అడుగుతా."

మల్లీశ్వరి రెండు ముద్దలు కూడా తినలేదు, కొత్త నంబర్ నుంచి ఫోన్. చెయ్యి కడుక్కోకుండానే ఎత్తింది. అవతల ఏవో గరగరలు, ఆ తర్వాత గొంతు.

"మల్లీ. మొన్న ఫైల్‌కు ఆఖర్ల చెప్పుడు మర్చిన. అయిపాయె."

ఆమె ఏడుస్తూనే తిట్టింది. ముసలమ్మ క్షేమమట. అంజికి చెయ్యి విరిగింది, సరిహద్దు దగ్గర ఆస్పత్రిలో ఉన్నాడు, ఇది నర్సు ఫోన్.

"నా నంబర్ నోటికెట్ల వచ్చురా నీకు?"

"ఫోన్ చేసేటందుకు ధైర్యం లేక రోజూ నంబర్ చూసుకునుడే పనాయె. వస్తున్న మల్లీ. నువ్వు లేకుంట నాతోని కాదు."

అప్పటికే రాజేశ్వరి ఫోన్ లాక్కుంది. ఏ ఊరు నాయనా, అమ్మానాన్నా ఉన్నారా అని వరసగా అడిగి, అతని జవాబులు విని, కూతురికి తిరిగి ఇచ్చింది.

"అత్తా అంటాండాడు. వాడే వరస కలిపేసినాక నేను చేసేదేముంది? చెయ్యి కడుక్కో, కూర చల్లారిపాయ."

మల్లీశ్వరి ఫోన్ చెవికి గట్టిగా నొక్కుకుంది. "కాసేపు ఏం మాట్లాడొద్దు. విననీ."

అతను మాట్లాడలేదు. ఫ్యాన్ తిరుగుతోంది, ఎవరో మంచం జరిపారు, వాటన్నిటికంటే దగ్గరగా అతని ఊపిరి.

"అయిపాయెనా?" అని మెల్లగా అడిగాడు అంజి.

"ఇంకా లేదు" అంది మల్లీశ్వరి.