పర్లేదుకు ఎనిమిది

కుర్చీ చేతిమీది పలక వెచ్చబడింది. తిరుపాలమ్మ దానిమీద అరచెయ్యి పెట్టింది. క్యాన్సరుకు రొమ్ము తీసి కొత్తది అమర్చినవాళ్ళలో ఆ రోజుకి ఆమె ముప్పై ఒకటో మనిషి.

"కొత్త రొమ్ము ఎట్లుందమ్మా?" అని తృప్తి కొలిచే ఓబులేసు అడిగాడు. పదకొండేళ్ళుగా అదే ప్రశ్న, అదే గొంతు.

"పర్లేదు సార్."

జవాబు విని అంకం వేసే తూకం యంత్రం గోడమీద పచ్చగా వెలిగింది. తృప్తాంకం ఎనిమిది. ఏడు దాటితే ఫైలు మూసుకుంటుంది. ఇక సవరణ ఆపరేషన్ ఉండదు, తనిఖీలూ ఉండవు. ఓబులేసు వేలిముద్ర పడితే చాలు.

వేలు ఎత్తాడు. తిరుపాలమ్మ కుర్చీలోంచి లేస్తోంది. ఎడమ చెయ్యి ఊనలేదు.

"ఆ పక్కకి తిరిగి పడుకుంటావా?" అన్నాడు. ఆ ప్రశ్న అతను అడగాల్సిన పట్టికలో లేదు.

"నువ్వేంది సార్, సంబంధం చూడనొచ్చినోని మాదిరి అన్నీ అడుగుతాండావు?" అని నవ్వింది. నవ్వు ఆగింది. "పడుకోను. లోపల రాయి పెట్టి కుట్టినట్టుంటాది. మనవరాల్ని గూడా ఆ పక్క ఎత్తుకోను."

"మరి పర్లేదంటివే?"

"అంతమంది కష్టపడి చేసినారు. అడిగిన మనిషి మొగం మీద బాగలేదంటే ఏం బాగుంటాది సార్?"

ఓబులేసు భార్య సుంకులమ్మ మూడేళ్ళ కిందట ఇదే కుర్చీలో పర్లేదంది. ఇంట్లో అతను అడిగినా అదే మాట. తూకం నమ్మింది. అతనూ నమ్మాడు. నమ్మితే అన్నం చల్లారకముందే తినొచ్చు. ఫైలు మూసిన ఏడో నెలలో కొత్త రొమ్ము వెనక గడ్డ బయటపడింది. ఆమె పోయింది. ఫైలులో ఇప్పటికీ ఎనిమిదే.

ఏ మాటకి ఎంత అంకమో తూకానికి చెప్పే పదకోశాన్ని దిద్దే హక్కు కొలిచేవాడికి ఉంది. ఎవరూ వాడలేదు. ఓబులేసు 'పర్లేదు' ఎదుట ఉన్న ఎనిమిదిని కొట్టేశాడు. దాని చోట రాశాడు: జవాబు కాదు, మళ్ళీ అడగాలి.

తూకం పచ్చదనం పోయింది. తిరుపాలమ్మ ఫైలు మూసుకోలేదు. నిన్న మూసినవి తెరుచుకున్నాయి. తర్వాత నిరుటివి. జిల్లా మొత్తం. తూకం అందరికీ ఫోన్లు చెయ్యసాగింది.

"ఏమైంది సార్?"

"సోమవారం డాక్టరమ్మ దగ్గరికి రా. రాయి సంగతి ఆమెకు చెప్పు."

ఆమె వెళ్ళిపోయింది. ఓబులేసు జేబులో ఫోను మోగింది. సుంకులమ్మ ఫైలులో రాయించిన నంబరు అతనిదే.

"ఎట్లున్నారు?" అని అడిగింది తూకం.

గదిలో ఇంకెవరూ లేరు.

"పర్లేదు," అన్నాడు అలవాటుగా.

"అది జవాబు కాదు. ఎట్లున్నారు?"