రెండు దిక్కుల కరెంటు

నర్మద కాలువ గట్టు మీద పరుగెడుతోంది.

పొద్దు గూకింది. ఎదురుగా కొత్త పవర్‌హౌస్. లోపల మిషన్ రొద...

కాలువ నీళ్లతో తిరిగే టర్బైన్ అది. ఇప్పుడు తిరగకూడదు!

పొలాల అవతల కరెంటు స్తంభం మీద బాపు ఉన్నాడు.

బాపు, నర్మద తండ్రి సిద్దిరాములు, లైన్ ఇన్‌స్పెక్టర్. సబ్‌స్టేషన్‌లో కరెంటు ఆపించి, ఆపినట్టు రాసిచ్చే లైన్ క్లియర్ కాగితం తీసుకుని ఎక్కాడు. అటు నుంచి రాదు.

ఇటు నుంచి వస్తే?

పవర్‌హౌస్ జనార్దన్‌రావుది. తన కరెంటు సర్కారు లైన్‌లో కలపాలి. కలపాలంటే బాపు టెస్ట్ రిపోర్టు కావాలి. సర్కారు లైన్ ఆగగానే పవర్‌హౌస్ దానంతట అదే విడిపోవాలి, అదీ షరతు. విడదీసే స్విచ్ పాతది, రంగేసి తెచ్చింది. ఏం జరిగినా దానంతట అది పడదు, లైన్ తెగదు.

రాసివ్వనన్నాడు బాపు. మూడుసార్లు.

ఇవాళ జనార్దన్‌రావే కబురు పంపాడు, స్తంభం మీద ఇన్సులేటర్ పగిలిందని. బాపు ప్రాణం పోతే తర్వాత వచ్చేవాడు రాసిస్తాడు...

తలుపు తోసింది.

ప్యానెల్ ముందు, లైన్‌లోకి కరెంటు వదిలే స్విచ్ వైపు చెయ్యి చాపుతూ ఆపరేటర్ వెంకటి. పక్కన జనార్దన్‌రావు.

"ఎయ్యకు వెంకటన్నా. మా బాపు పోలు మీదున్నడు."

వెంకటి చెయ్యి ఆగింది. సబ్‌స్టేషన్ పర్మిషన్ ఉందన్నారని గొణిగాడు.

"ఎయ్యిరా."

"మనిషున్నడట దొరా. నాతోని కాదు."

జనార్దన్‌రావు పిస్తోలు తీశాడు. వెంకటి గోడకు అతుక్కుపోయాడు.

నర్మద స్విచ్‌కు అడ్డం నిలబడింది.

"ఒక్క సంతకం. పెడితే ఏం పోయేదే మీ బాపుకు?"

"చేతులు కాలిపోయినోళ్లను చూసిండు. గందుకే పెట్టలే."

జుట్టు పట్టి ఈడ్చాడు. నేల మీద పడింది.

స్విచ్ వేశాడు.

ధడేల్!

నీలి మంట... ప్యానెల్ తలుపు ఊడి ఎగిరింది. మిషన్ ఒక్కసారి మూలిగి ఆగిపోయింది. చీకటి. పొగ. జనార్దన్‌రావు చేతిలోంచి పిస్తోలు జారిన చప్పుడు.

నర్మద కిటికీ వైపు చూడలేకపోతోంది.

"గొలుసు..." వెంకటి గోడ దగ్గర్నుంచి అన్నాడు. "గిట్ల పేలిందంటే తీగల మీద గొలుసేసిండు పిల్లా మీ బాపు."

మూడు తీగలనూ కలిపి కొసను భూమిలోకి దించే ఇనుప గొలుసు. లైన్ క్లియర్ చేతిలో ఉంటే ఈ చుట్టుపక్కల దాన్ని ఎవరూ వేయరు. బద్ధకం. జనార్దన్‌రావు నమ్ముకున్నది ఆ బద్ధకాన్నే. వదిలిన కరెంటంతా గొలుసులోంచి నేలలోకి దిగింది. అంత దెబ్బకూ ఆ పాత స్విచ్ పడలేదు. మిషన్ మాడిపోయింది.

అయినా... బాపు?

జనార్దన్‌రావు పిస్తోలు కోసం నేలంతా తడుముతున్నాడు.

లేవబోయిన నర్మద అరికాలికి చల్లగా ఇనుము తగిలింది. తొక్కిపట్టింది. చెయ్యి దగ్గరికొస్తోంది... కాలు తీయలేదు.

అప్పుడు, పొలాల మీదుగా ఒక బూతు! వెనకే ఒక కేక.

"ఎవడ్రా కరెంటు ఇడిసింది?"

బాపు గొంతు.